అన్నం వండటం మాకు నేర్పాలా?

అమెరికాలో, లూసియానా రాష్ట్రంలోని బేటన్ రూజ్‌లో కాపురం పెట్టిన మూడో ఏట, పక్కింటి పెద్దావిడ నన్ను తన వంటగదిలో నిలబెట్టి జంబలాయా ఎలా చేయాలో వివరిస్తూ ఉంటే, పైకి వినయంగా తల ఊపుతూనే లోలోపల నవ్వుకున్నాను. గోదావరి జిల్లాలో పుట్టి, పాలపళ్లు రాకముందునుంచీ అన్నమే తిని పెరిగినవాడికి, బియ్యంలో రొయ్యలూ, మాంసం కూరిన సాసేజీ వేసి ఒకే గిన్నెలో ఉడికించడం కూడా ఒక విద్యేనా?

ఆవిడది ఫ్రెంచి, స్పానిష్, ఆఫ్రికా మూలాలు కలిసిన క్రియోల్ కుటుంబం కనుక ఆవిడ జంబలాయాలో టమాటా ఉండి తీరాలి. టమాటా వేయకుండా, మాంసాన్ని బాగా వేయించి ఆ గోధుమరంగే అన్నానికి పట్టించేది, కెనడా వైపు నుంచి వచ్చి లూసియానాలో స్థిరపడిన ఫ్రెంచివాళ్ల సంతతి అయిన కేజన్‌ల పద్ధతి. దాని ప్రస్తావన వచ్చినప్పుడు ఆవిడ ముఖం, మన ఇంట్లో పక్క జిల్లా వాళ్ల పులుసు గురించి మాట్లాడేటప్పటి ముఖంలాగే ఉంది.

శనివారం సాయంత్రం ఆవిడతో సహా ఎనిమిది మందిని భోజనానికి పిలిచాను. ఆరంభం దివ్యంగా జరిగింది. దళసరి ఇనుప గిన్నెలో ఆండూయీ అనే పొగపెట్టిన పంది మాంసపు సాసేజీ చక్రాలు అంచులు ముడుచుకుని ఎర్రటి కొవ్వు వదిలాయి, అడుగున గోధుమరంగు పొర అంటుకుంది. ఉల్లిపాయ, పచ్చ క్యాప్సికం, సెలెరీ ముక్కలు పడగానే వాటి తడికి ఆ పొర కరిగి పైకి లేచింది. ఈ మూడింటినీ అక్కడివాళ్లు 'ట్రినిటీ' అని భక్తిగా పిలుస్తారు. ఆ వాసనకు నాకు గర్వం తలకెక్కింది.

పొడవు గింజ బియ్యం, అందులోనూ ఉప్పుడు రకమైతే మంచిదని ఆవిడ చెప్పింది. ఇంట్లో సోనా మసూరి బస్తా ఉండగా మరొకటి కొనడం నామోషీ అనిపించి, వాటినే మూడుసార్లు కడిగి, అరగంట నానబెట్టి, వేలి కణుపు కొలతన నీళ్లు పోశాను. టమాటాలో కూడా నీళ్లుంటాయని మా వేలికి తెలియదు. రొయ్యలు చివరి ఐదు నిమిషాల్లోనే వేయాలన్న మాట గుర్తుంది కానీ, రుచి అన్నానికి పట్టాలి కదా అని బియ్యంతోపాటే దింపాను. సాసేజీలో ఉప్పు, డబ్బాలో కొన్న మాంసం సూపులో ఉప్పు, క్రియోల్ మసాలా పొడిలో ఉప్పు ఉండగా, అలవాటు ప్రకారం నేనూ ఓ చెంచా వేశాను.

మూత పెట్టాక ముట్టుకోవద్దని ఆవిడ చేసిన హెచ్చరికను కూడా, మేలో గొంజాలెస్ ఊళ్లో జరిగే జంబలాయా ఉత్సవంలో పెద్ద పెద్ద గిన్నెల్లో తెడ్లు వేస్తారు కదా అన్న తర్కంతో పక్కన పెట్టి, ఐదు నిమిషాలకోసారి మూత తీసి గరిటెతో గిరగిరా కలిపాను. వాళ్లు కలపరనీ, అడుగునుంచి మెల్లగా పైకి తిరగవేస్తారనీ నాకు తరవాత తెలిసింది. నాలుగోసారి మూత తీసేసరికి గరిటె నిటారుగా నిలబడింది. పైన పొంగలి, అడుగున మాడు, మధ్యలో రబ్బరు ఉంగరాల్లా బిగుసుకున్న రొయ్యలు.

మా ఆవిడ వచ్చి గిన్నెలోకి తొంగిచూసింది. "ఏవండీ, దీన్ని వడ్డించాలా, కోసి పెట్టాలా?" అంది. తరవాత మారుమాట లేకుండా రొయ్యలు ఏరి పారేసి, మాడు తగలకుండా పైభాగం తీసి, ఉప్పు విరగడానికి నాలుగు ఉడికించిన బంగాళాదుంపలు మెదిపి కలిపి, బూరెల్లా ఉండలు చుట్టి, రొట్టెపొడిలో దొర్లించి నూనెలో వేయించడం మొదలుపెట్టింది. నేను మాడిన గిన్నెను పెరట్లోకి మోసుకుపోయి దానిమీద బకెట్ బోర్లించాను.

ఏడు గంటలకు అతిథులొచ్చారు. పంది మాంసమూ అన్నమూ కూరిన బూడాన్ సాసేజీని ఉండలు చేసి వేయించి అమ్మడం లూసియానాలో మామూలే కనుక, పెద్దావిడ ఒకటి కొరికి, కళ్లు పెద్దవి చేసి, ఈ బూడాన్ ఉండలు ఏ కొట్లో కొన్నారని అడిగింది. మా ఆవిడ నా వైపు చూసింది. నేను పైకప్పు వైపు చూశాను. పెద్దావిడ నాలుగో ఉండ కూడా పూర్తిచేసి, చేతులు తుడుచుకుని, పొయ్యి వైపు ఆశగా చూస్తూ అంది: "ఇంతకీ జంబలాయా ఎప్పుడు పెడతావు నాయనా?"