శాండ్‌బర్గ్ రాసిన లింకన్ కట్టుకథ కాదు

అమెరికా అధ్యక్షుడు అబ్రహం లింకన్ జీవితాన్ని ఆరు సంపుటాల్లో రాసిన అమెరికన్ కవి కార్ల్ శాండ్‌బర్గ్ గురించి ఒక మాట చాలాకాలంగా తిరుగుతోంది, ఇప్పటికీ షేర్ అవుతూనే ఉంది. ‘‘బడి మానేసిన ఒక కవి తన ఊహల్లోంచి లింకన్‌ని పుట్టించాడు. ఆ ఆరు సంపుటాలూ కట్టుకథే, జీవితచరిత్ర కాదు’’ అని. దీని వెనక పెద్ద పేరే ఉంది. హంతకుడు జాన్ విల్క్స్ బూత్ కాల్చిన తర్వాత లింకన్‌కి జరిగిన అతి క్రూరమైన అన్యాయం శాండ్‌బర్గ్ చేతిలో పడటమేనేమో అనిపిస్తుందని 1962లో విమర్శకుడు ఎడ్మండ్ విల్సన్ రాశాడు. వాక్యం పదునైనది, అందుకే నిలిచిపోయింది. కానీ ఆ ఒక్క వాక్యంతో ఒక మనిషి ఏళ్ల తరబడి చేసిన పనిని కొట్టిపారేయడం నాకు చాలా బాధగా ఉంటుంది.

అసలు ఆ ఆరు సంపుటాలూ ఒకే పుస్తకం కాదు. 1926లో వచ్చిన ‘ది ప్రెయిరీ ఇయర్స్’ రెండు సంపుటాలు. లింకన్ 1861 ఫిబ్రవరిలో స్ప్రింగ్‌ఫీల్డ్ వదిలి వాషింగ్టన్‌కి బయలుదేరడంతో అది ముగుస్తుంది. అక్కణ్ణుంచి అంతర్యుద్ధం మీదుగా లింకన్ హత్య, అంత్యక్రియల దాకా నడిచేది 1939లో వచ్చిన ‘ది వార్ ఇయర్స్’, నాలుగు సంపుటాలు. మధ్యలో 13 ఏళ్లు. మొదటిదాని మీద వేయాల్సిన నిందని తెచ్చి రెండోదానికి కూడా అంటగడుతున్నారు. నా అభ్యంతరమంతా ఇక్కడే.

మొదటిదాన్ని పూర్తిగా వెనకేసుకురాను. పిల్లల కోసం ఒక చిన్న పుస్తకం రాద్దామని మొదలుపెట్టి, రాస్తూ రాస్తూ పెద్దవాళ్ల పుస్తకం చేశాడు. లింకన్ తల్లి నాన్సీ హాంక్స్ మనసులో ఏముందో తనే ఊహించి రాసిన పేజీలు అందులో ఉన్నాయి. అవి అందంగా ఉంటాయి, కానీ చరిత్ర కాదు. లింకన్ యవ్వనంలో ప్రేమించాడని చెప్పే ఆన్ రట్లెడ్జ్ కథ కూడా అంతే, ఉన్న ఆధారానికి మించి పెంచాడు. అయితే ఆ కథని సృష్టించినవాడు శాండ్‌బర్గ్ అంటే మాత్రం తప్పు. లింకన్‌తో కలిసి లాయరుగా పనిచేసిన విలియం హెర్న్‌డన్ 1866లోనే ఒక ఉపన్యాసంలో దాన్ని లోకానికి చెప్పాడు. శాండ్‌బర్గ్ అప్పటికి పుట్టనేలేదు. 1928లో ‘అట్లాంటిక్ మంత్లీ’ పత్రిక లింకన్, ఆన్‌లు రాసుకున్న ఉత్తరాలంటూ నకిలీవి అచ్చువేసినప్పుడు అతను మొదట నమ్మాడు, నిజమైనవే అన్నాడు. కొద్ది రోజులకే తన మాట వెనక్కి తీసుకున్నాడు. 1954లో అన్నిటినీ కుదించి ఒకే సంపుటంగా తెచ్చినప్పుడు ఈ ప్రేమకథని బాగా తగ్గించాడు. తప్పు తెలిసి దిద్దుకున్న మనిషిని ఆ తప్పుతోనే కొలవడం న్యాయమా?

ఇక ‘బడి మానేశాడు’ అన్న మాట. నిజమే, 13 ఏళ్లకే మానేశాడు. ఇలినాయ్ రాష్ట్రం గేల్స్‌బర్గ్‌లో స్వీడన్ నుంచి వలస వచ్చిన కూలి కుటుంబం వాళ్లది. పాల బండి తోలాడు, ఇటుకల బట్టీలో పనిచేశాడు, కాన్సాస్‌లో గోధుమ కోతలకి వెళ్లాడు. 1898లో స్పెయిన్‌తో జరిగిన యుద్ధంలో సైనికుడిగా ప్యూర్టోరికో వెళ్లొచ్చాక లొంబార్డ్ కాలేజీలో చేరాడు, డిగ్రీ చేతికి రాకుండానే బయటపడ్డాడు. కానీ పరిశోధన అతనికి పత్రికాఫీసులో అబ్బింది. 1919 జులైలో షికాగోలో జాతి అల్లర్లు చెలరేగి 38 మంది చనిపోయారు. దానికి ముందే ‘షికాగో డైలీ న్యూస్’ విలేకరిగా నల్లవాళ్ల పేటల్లో తిరిగి, అక్కడి ఇళ్ల అద్దెలు, ఉద్యోగాలు, వలసల గురించి వరసగా రాశాడు. మనుషుల్ని అడిగి, కాయితాలు వెతికి, విన్నది విన్నట్టు రాసుకునే ఆ అలవాటే ‘వార్ ఇయర్స్’ నిండా కనిపిస్తుంది. పైగా గేల్స్‌బర్గ్ లింకన్, సెనేట్ సీటుకి అతని ప్రత్యర్థి డగ్లస్ 1858 అక్టోబరు 7న జనం ముందు వాదించుకున్న ఊరు. ఆ రోజుని కళ్లారా చూసినవాళ్లు అతని చిన్నతనంలో ఇంకా బతికే ఉన్నారు.

‘లింకన్ సొంత కాయితాలే చూడకుండా రాశాడు’ అనే మాట నాకు అన్నిటికంటే కోపం తెప్పిస్తుంది. లింకన్ కొడుకు రాబర్ట్ ఆ కాయితాల్ని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి ఇస్తూ, తాను చనిపోయిన 21 ఏళ్ల దాకా తెరవకూడదని షరతు పెట్టాడు. ఆయన పోయింది 1926లో. పెట్టెలు తెరిచింది 1947 జులైలో, అంటే ‘వార్ ఇయర్స్’ వచ్చిన ఎనిమిదేళ్లకి. అప్పట్లో శాండ్‌బర్గ్ ఒక్కడికే కాదు, బయటి చరిత్రకారులకీ అవి మూసే ఉన్నాయి. తెరిచి ఉన్నవాటి వెంట మాత్రం అతను పడి తిరిగాడు. షికాగో లాయరు ఆలివర్ బారెట్ దగ్గర అపురూపమైన లింకన్ సేకరణ ఉండేది. దాన్ని వాడుకున్నాడు, 1949లో దాని మీదే ఒక పుస్తకం రాశాడు. పాత పత్రికలు, ఉత్తరాలు, డైరీలు, కాంగ్రెస్ ప్రసంగాలు పోగుచేసి, నారింజపండ్ల చెక్కపెట్టెల్నే అరలుగా వాడుకుంటూ పది లక్షలకు పైగా మాటల పుస్తకం రాశాడు.

‘లింకన్‌ని దేవుణ్ణి చేశాడు’ అనేవాళ్లు ‘వార్ ఇయర్స్’లో ఏ వంద పేజీలైనా చదివితే చాలు. పత్రికలు లింకన్‌ని కోతి అని తిట్టడం, సొంత పార్టీవాళ్లే చేతకానివాడని అనడం, ఉద్యోగాల కోసం జనం అతన్ని ఊపిరాడనివ్వకపోవడం, అన్నీ ఉన్నాయి. నిజానికి దాని అసలు లోపం వేరు. వరసగా సాక్ష్యాలు పెడతాడు, ఏది ఎక్కువ నమ్మదగ్గదో చాలాచోట్ల తేల్చడు. ఫుట్‌నోట్లు ఉండవు. ఒక కథ ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతకాలంటే పాఠకుడికి టెన్షనే. చరిత్రకారులు ఈ ఫిర్యాదు చేస్తే ఒప్పుకుంటాను. అయినా చార్లెస్ బియర్డ్, అలన్ నెవిన్స్ లాంటి చరిత్రకారులే ఈ పుస్తకాన్ని మెచ్చుకున్నారు.

కవిగా పేరుంది కాబట్టి ‘వార్ ఇయర్స్’కి అమెరికాలో పేరున్న పులిట్జర్ బహుమతి ఇచ్చారనడం కూడా నిలవదు. 1940లో అతనికి వచ్చింది చరిత్ర విభాగంలో. వాషింగ్టన్, లింకన్‌ల జీవితచరిత్రలకి జీవితచరిత్ర విభాగంలో అప్పట్లో చోటే లేదు, నిబంధనే అలా ఉండేది. కవిత్వానికి వేరే గుర్తింపు ఉంది: 1919లో ఒకసారి, 1951లో మరోసారి.

1956లో అతని పుస్తకాలు, రాతప్రతులు, కాయితాలు ఇలినాయ్ విశ్వవిద్యాలయానికి చేరాయి. ఫుట్‌నోట్లు లేని ఆ పేజీల వెనక ఏముందో తెలుసుకోవాలనుకునేవాళ్లు ఆ పెట్టెలు తెరిచి చూడొచ్చు.