వంద స్క్వాట్లు ఒక్కటే సరిపోవండీ

రోజుకు వంద స్క్వాట్లు తీస్తే పిరుదులు షేప్‌లోకి వస్తాయని మీ పోస్టులో రాశారు కదా, మారతహళ్లి పీజీలో ఉంటూ నేను 3 నెలలు అదే చేశాను, తొడలు గట్టిపడ్డాయి తప్ప వెనక పెద్ద తేడా రాలేదు. అక్కడ ఉండేది ఒక్క కండరం కాదు, మూడు. తొడను వెనక్కి నెట్టే పెద్దదానికి హిప్ థ్రస్ట్ (వీపు ఆనించి నడుము పైకి లేపడం), రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (బరువు పట్టుకుని వీపు నిటారుగా ఉంచి ముందుకి వంగి లేవడం) బాగా పనిచేస్తాయి, పక్కనుండే మీడియస్ అనే కండరానికైతే ఒక పక్కకి పడుకుని పై కాలు నెమ్మదిగా లేపి దించాలి. జిమ్ లేకపోయినా ఫర్వాలేదు. హిప్ థ్రస్ట్‌కి నేను మంచం అంచుకి వీపు ఆనించి, ఆఫీసు బ్యాగులో 2 లీటర్ల నీళ్ల సీసాలు నాలుగు పెట్టి ఒళ్లో పెట్టుకుని నడుము లేపుతాను, పైన 2 సెకన్లు బిగించి ఆపుతాను. మడమలు మోకాళ్ల కిందే ఉండాలి, దూరంగా పెడితే భారం తొడ వెనక కండరాలకి పోతుంది. వారానికి రెండుసార్లు చాలు, బరువు మాత్రం మెల్లగా పెంచుకుంటూ పోండి, కడుపు మాడ్చుకోకండి ప్లీజ్.