పని ఉంది, పూచీ పడేవాళ్లే లేరు

తెల్లారకముందే బయటికొచ్చే అలవాటున్న కర్నూలు వాళ్లకు ఇది కొత్త దృశ్యం కాదు. మూసిన షట్టర్ల ముందు పడుకున్నవాళ్లు షాపు తెరిచేలోపే లేచి, దుప్పటి చుట్టి సంచిలో కుక్కి, ఏదో ఒక కుళాయి వెతుక్కుని మొహం కడుక్కుంటారు. ఏడింటికల్లా వాళ్లలో చాలామంది కూలీల అడ్డాలో నిలబడి ఉంటారు. బేల్దారి మేస్త్రీ చెయ్యి చూపిస్తే పని, లేకపోతే ఆ పూట గడవడం కష్టమే. రాత్రి ముక్కు మూసుకుని వీళ్లను దాటిపోయిన మనమే పగలు మన ఇంటి స్లాబుకు వీళ్ల చేత కంకర మోయిస్తాం. ఎవరో తెలియదు కాబట్టి సరిపోయింది.

ఇల్లు లేనివాళ్లకు ఉపాధి అనగానే మన అధికారులకు శిక్షణే గుర్తొస్తుంది. కుట్టు మిషను, మొబైల్ రిపేరు, చివర్లో ఒక సర్టిఫికెట్, ఒక ఫొటో. నాకు దాని మీద పెద్దగా నమ్మకం లేదు. రోజు కూలి నుంచి నెల జీతానికి వెళ్లే దారిలో వీళ్లకు అడ్డం పడేది పనితనం కాదు, పూచీ. లాడ్జిలో రూమ్ బాయ్ కావాలన్నా, అపార్టుమెంటుకు వాచ్‌మన్ కావాలన్నా, పెట్రోలు బంకులో మనిషి కావాలన్నా మన ఊళ్లలో ముందు వచ్చే ప్రశ్న ఒకటే: "ఎవరి తాలూకు?" అడిగేవాళ్లను తప్పు పట్టలేం. తాళాలు, డబ్బు అప్పగించాలి కదా. తెలిసినవాళ్లు చెబితే చదువు రాకపోయినా పనిలో పెట్టుకుంటారు. చెప్పేవాళ్లు లేకపోతే ఎంత పనిమంతుడైనా గుమ్మం దగ్గరే ఆగిపోతాడు.

ఒకవేళ పని దొరికినా, జీతం నెల తిరిగాక గానీ రాదు. కొన్నిచోట్ల మొదటి నెలలో కొన్ని రోజుల జీతం పట్టి ఉంచుతారు కూడా. చేతిలో రూపాయి లేని మనిషి ముప్పై రోజులు ఏం తిని పనికి రావాలి? అన్న క్యాంటీన్‌లో ఐదు రూపాయలకు భోజనం దొరుకుతుంది, నిజమే. సబ్బు, బట్టలు, ఫోన్ రీచార్జికి ఎక్కడినుంచి తేవాలి? నాలుగో రోజుకల్లా మళ్లీ అడ్డాకే వస్తాడు. దానికి మనం పెట్టే పేరు "నిలకడ లేని మనిషి".

ఇక కాగితాల సంగతి. 2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీని ప్రారంభించింది అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే. ఆ హామీ పల్లెలో ఇల్లున్న కుటుంబానికి. అనంతపురం టౌన్‌లో ఫుట్‌పాత్ మీద పడుకునేవాడికి జాబ్ కార్డు రాదు. 2022లో రాజస్థాన్ ప్రభుత్వం పట్టణాలకూ ఉపాధి హామీ తెచ్చింది. మంచి ప్రయత్నమే గానీ, అక్కడా ముందు కుటుంబం పేరున ఆ రాష్ట్రం ఇచ్చే జన్ ఆధార్ కార్డు చూపాలి. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో చేరాలంటే ఏడాదిలో 90 రోజులు పని చేసినట్టు రుజువు కావాలి. రోజుకో మేస్త్రీ దగ్గర పని చేసినవాడికి ఆ సంతకం ఎవరు పెడతారు? అసంఘటిత కార్మికుల పేర్లు కేంద్రం నమోదు చేసే ఈ-శ్రమ్‌కు ఆధార్ కావాలి. ఆధార్‌కు లింకైన ఫోన్ పడుకున్నప్పుడు ఎవరో కొట్టేస్తే ఓటీపీ కూడా దానితోపాటే పోయినట్టు.

దీనికి దారి ఉంది, అదీ కొత్తగా కనిపెట్టాల్సింది కాదు. ఇల్లు లేనివాళ్ల కోసం నడిపే, గుర్తింపు పొందిన వసతి గృహం బాధ్యుడు ఇచ్చే ధ్రువపత్రాన్ని ఆధార్‌లో చిరునామా రుజువుగా ఒప్పుకుంటారు. 2013లో మొదలై 2024లో ముగిసిన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ నిబంధనల ప్రకారం లక్ష జనాభాకు వంద మంది ఉండగలిగే వసతి గృహం ఒకటి, అదీ 24 గంటలూ తెరిచి ఉండాల్సింది. 2011 జనాభా లెక్కలు పట్టుకున్నా కర్నూలుకు నాలుగు, కడపకు మూడు, అనంతపురానికి రెండు రావాల్సింది. ఇరవై నాలుగు గంటలు అన్న మాటను చిన్నదిగా తీసుకోవద్దు. హోటల్లో గిన్నెలు కడిగేవాడి పని ముగిసేది అర్ధరాత్రి. మార్కెట్ యార్డులో లారీ దించే హమాలీ నిద్రపోయేది పగలు. ఆ వేళకు తలుపు మూసి ఉంటే ఆ మనిషికి వసతి గృహం ఉన్నా లేనట్టే.

ఆ వసతి గృహమే పూచీ పడాలంటాను. మూడు నెలలుగా మా దగ్గర ఉంటున్నాడు, పనికి వెళ్తున్నాడు, గొడవల్లేవు అని మేనేజర్ రాసిచ్చే ఒక కాగితం, ఫోన్ చేస్తే పలికే ఒక నంబరు. మొదటి నెల గడవడానికి వారం వారం ఇచ్చి జీతం నుంచి పట్టుకునే చిన్న అడ్వాన్సు. డబ్బు, కాగితాలు పెట్టుకోవడానికి తాళం ఉన్న పెట్టె. పెట్టెకు అంత ప్రాముఖ్యమా అనుకోవచ్చు. సంచి కాపలాకు మనిషి లేక పనికి పోనివాళ్లు ఎందరో!

అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రపు ఆల్బకర్కీ నగరం 2015లో ఒక వ్యాన్ పెట్టింది. అది రోడ్ల మీద అడుక్కునేవాళ్ల దగ్గరికే వెళ్లి, ఈ రోజు పని చేస్తారా అని అడిగేది. గంటకు 9 డాలర్లు, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం రాత్రి బసకు చోటు. చేసేది చెత్త ఎత్తడం, కలుపు పీకడం. అందులో నాకు నచ్చింది వ్యాన్ కాదు, సాయంత్రానికే కూలి చేతిలో పెట్టడం, వసతితో పనిని కలిపి చూడటం.

అందరూ పని చేయగలరని నేననడం లేదు. వాళ్లలో ముసలివాళ్లున్నారు, మతి స్థిమితం తప్పినవాళ్లున్నారు, మందుకు బానిసలైనవాళ్లూ ఉన్నారు. ముసలివాళ్లకు పింఛను, మిగతావాళ్లకు డాక్టరు కావాలి గానీ పని కాదు. వాళ్లను చూపించి మిగతావాళ్లను కూడా పనికిరానివాళ్లని తోసేయడమే నాకు అభ్యంతరం.

ఏటా వానలకు ముందు పట్టణాల్లో కాలువల పూడిక తీస్తారు. ఆ టెండర్లలో ఒక షరతు చేర్చడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు: పది మంది కూలీల్లో ఒకరిని వసతి గృహం నుంచి తీసుకోవాలి, బూట్లు, గ్లవుజులు ఇవ్వాలి, కూలి ఏ రోజుది ఆ రోజే ఇవ్వాలి, పని చేసిన రోజుల లెక్క కాంట్రాక్టరు సంతకంతో రాసివ్వాలి. నిర్మాణ కార్మికుల బోర్డు అడిగే 90 రోజుల్లో కొన్నయినా అక్కడ నుంచి జమ పడతాయి.