నేరడికి బొంత బృందాన్ని పంపండి

వంశధార మీద నేరడి దగ్గర బ్యారేజీ కట్టే విషయంలో ఆంధ్రా, ఒడిశా ఏళ్ల తరబడి తగువు పడ్డాయి. 2010లో ట్రిబ్యునల్ వేశారు. 2017లో తీర్పు వచ్చింది. బ్యారేజీ మాత్రం కాగితం మీదే ఉంది. ఇందులో పెద్దలెవరినీ తప్పు పట్టక్కర్లేదు. వాళ్లకి ఆన్‌లైన్‌లో బృందంగా బొంతలు కుట్టే అలవాటు లేకపోవడమే అసలు లోపమని నా నిశ్చితాభిప్రాయం.

శ్రీకాకుళంలో మా వదినకి ఆ అలవాటుంది. ఆవిడ బృందంలో నాలుగైదు దేశాల ఆడవాళ్లున్నారు. ఒకరి మొహం ఒకరు చూసింది లేదు. అయినా కుట్టుకి వదిలే అంచు పావు అంగుళమే ఉండాలని అందరూ ఒప్పేసుకున్నారు. అదీ నిండు పావు కాదు, ఓ దారప్పోగు మందం తక్కువ. గుడ్డ మడత ఆ మాత్రం తినేస్తుందట. ప్రతి అంచూ అంగుళంలో పదహారో వంతు ఎక్కువైతే చాలు, ఎనిమిది ముక్కలు కలిపేసరికి వరస దాదాపు అంగుళం కురచైపోతుంది. వదిన స్కేలు పెట్టి మరీ చూపించింది. ప్రహరీ గోడ పక్కన జానెడు జాగా కోసం ఏటా సర్వేయర్ని పిలిపించేదీ ఈవిడే. అక్కడ మాత్రం ఇంతవరకూ ఏ కొలతా కుదరలేదు.

ఇప్పుడు కుడుతున్నది మిస్టరీ క్విల్ట్. అంటే, ఏం కుడుతున్నారో కుట్టేవాళ్లకే తెలియదు. నడిపించే ఆవిడ నెలకో సూచన వదులుతుంది. ఈ నెల ముదురు రంగు త్రికోణాలు 96 కోసి పక్కన పెట్టండి, అంతే. ఎందుకని అడక్కూడదు. ఆఖరి నెలలో గానీ బొమ్మేమిటో బయటపడదు. అన్నయ్య కాఫీ అడిగితే "ఇప్పుడెందుకు?" అనే మనిషి, ఊరూ పేరూ తెలియని ఆవిడ మాట మీద 96 కోసేసింది. మన జిల్లాలో విధేయత నశించిందని బాధపడేవాళ్లు ఓసారి వచ్చి చూడాలి.

గుడ్డ సంగతి మరీ గొప్పది. వెనకటి ముసలమ్మలు చిరిగిన చీరలు పొరలుగా పరిచి, అన్నీ కలిసేలా సూదితో వరసలు వరసలుగా కుట్టుకుపోయేవారు. అందులో ఖర్చు లేదు కనక గౌరవమూ లేదు. ఇప్పుడు నిక్షేపంలాంటి కొత్త గుడ్డ కొని, ముక్కలు చేసి, ఆ ముక్కల్ని మళ్లీ అతకాలి. పక్కనే పొందూరు ఉంది, వాలుగ చేప దవడతో పత్తి ఏకి నేసే ఖద్దరు దొరుకుతుంది కదా అన్నాను.

"అది కట్టుకునే బట్ట బావూ, కొయ్యడానికి చెయ్యెలా వస్తాది?"

నిజమే. అందుకని 18 అంగుళాల వెడల్పు, 22 అంగుళాల పొడవు ముక్కలు విదేశం నుంచి పోస్టులో తెప్పించింది. వాటిలో బాగున్నవి కొయ్యడానికీ చెయ్యి రాలేదు. బీరువాలో ఉన్నాయి.

అన్నిటికన్నా నన్ను కదిలించింది ఆ బృందంలోని మర్యాద. మొన్న ఒకరి బ్లాకులు, అంటే బొంతలో కలపడానికి ముక్కలు అతికి కుట్టిన చదరాలు, ఒకరు మార్చుకున్నారు. ఒకావిడ పంపింది అర అంగుళం కురచ, పైగా వంకర. ఫోటో పెట్టగానే అందరూ రంగులు అద్భుతం అన్నారు. వదినా అంది. రాత్రి అందరూ పడుకున్నాక దాని చుట్టూ సన్నటి పట్టీ వేసి, కొలతకి తెచ్చి, ఆ ముక్క ఎవరితోనూ అనలేదు. తోడికోడలు కుట్టించిన జాకెట్టు చంకల్లో పడుతోందని గృహప్రవేశంలో మైకందుకున్నంత పని చేసిన మనిషి! ఇలాంటి ఓర్పున్నవాళ్లు నలుగురు రెండు రాష్ట్రాల తరఫునా కూర్చుని ఉంటే, కురచైన చోట చిన్న పట్టీ వేసేసి ఇంటికెళ్లిపోయేవారు.

ఒక్క అభ్యంతరం ఉంది. పైన ముక్కల గుడ్డ, మధ్యలో దూది, కింద అస్తరు, ఇంత బరువు కప్పుకునేంత చలి మనకి సంక్రాంతి ముందు కొన్నాళ్లే, అదీ తెల్లవారుజామున. మిగతా ఏడాదంతా ఉక్కపోత. అన్నయ్య ఈ మాట లేవనెత్తాడు. వదిన బృందం ముందు పెట్టింది. గదిలో ఏసీ వేసి 18లో ఉంచితే ఇబ్బందే ఉండదని అన్ని దేశాలూ ఏకగ్రీవంగా తేల్చాయి. అన్నయ్య ప్రస్తుతం ఏసీ రేట్లు కనుక్కుంటున్నాడు.