రిపోర్టులో చుక్కలు

ఆరోగ్యంగా ఉన్నవాడు తనకు రోగం లేదని డబ్బు కట్టి నిరూపించుకునే కార్యక్రమాన్ని మాస్టర్ హెల్త్ చెకప్ అంటారు. ఇందులో మాస్టర్ ఎవరో ఎవరూ చెప్పరు. బిల్లు చూశాక మనం మాత్రం కాదని అర్థమవుతుంది. నేను మొన్న మార్చిలో వెళ్లాను. ఆరోగ్యం మీద శ్రద్ధతో కాదు. పాత ఆదాయపన్ను విధానంలో 80డి సెక్షన్ కింద చెకప్ ఖర్చు 5,000 రూపాయల దాకా చూపించుకోవచ్చని మా ఆడిటర్ గుర్తుచేశాడు.

సన్నాహాలు వారం ముందే మొదలవుతాయి. ఏడాదంతా ముద్దపప్పులో నెయ్యి కాలవలు తవ్విన పెద్దమనిషి, ఆ వారం రాగి జావ తాగి కాలనీ పార్కు చుట్టూ ప్రదక్షిణలు చేస్తాడు. పరీక్ష ముందురోజు రాత్రి చదివి గట్టెక్కిన జాతి కదా మనది! పరగడుపు షుగర్ ఈ కిటుకుకు కాస్తో కూస్తో లొంగుతుంది. రెండు మూడు నెలల చక్కెర సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ లొంగదు. అది ఇన్విజిలేటర్ కాదు, హాజరు పట్టీ. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. అన్నాళ్లూ తనకు అంటుకున్న చక్కెరను గుర్తుంచుకుని మరీ సాక్ష్యం చెబుతుంది. సంక్రాంతి అరిసెలు మార్చి రిపోర్టులో తేలేది ఇలాగే.

రాత్రి నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. కాఫీ పడని మనుషులు పొద్దున్నే ఏడింటికి వరసగా కూర్చుని ఒకరి టోకెన్ నంబరు ఒకరు దొంగచూపులు చూసుకుంటున్నారు. రక్తం తీసేశారు, దాన్లో విశేషం లేదు. ఆ తర్వాత చేతికి చిన్న డబ్బా ఇచ్చారు. బాధ్యతగల పౌరుడిగా పూర్తిగా సహకరించి వచ్చాను. పావుగంటకల్లా స్కానింగ్ గది నుంచి పిలుపు: "బ్లాడర్ ఫుల్‌గా ఉండాలి సార్. లీటరు నీళ్లు తాగి కూర్చోండి."

"ఆ మాట ముందే చెప్పొచ్చు కదమ్మా!"

"డబ్బా వేరే డిపార్ట్‌మెంట్ సార్."

నీళ్లు తాగి, కాళ్లు మెలేసుకుని కూర్చున్న ఆ శుభ ఘడియలోనే బీపీకి పిలిచారు. బీపీ చూసేటప్పుడు బాత్రూముకు వెళ్లొచ్చి, ఐదు నిమిషాలు స్థిమితంగా, వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, మాట్లాడకుండా కూర్చోవాలన్నది నియమం. మూత్రం ఆపుకున్నా బీపీ పెరుగుతుంది. పట్టీ బిగుస్తుండగా ఆ అమ్మాయి నా ఇంటిపేరు స్పెల్లింగ్ అడిగింది. 152/94. ఉన్న పరిస్థితికి అది చాలా నిగ్రహం అనుకున్నాను. ఇంత పెద్ద ప్యాకేజీలో బాగా పనికొచ్చే పరీక్షల్లో ఇదొకటి, దీనికి పెట్టింది అర నిమిషం. నడుము కొలత ఇంకొకటి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటకూడదంటారు. "టేపు ఇక్కడే ఉండాలి సార్" అన్నారు. దొరకలేదు. నేనూ పట్టుబట్టలేదు.

సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. 72 పరీక్షలు, ఆరింటి పక్కన చుక్కలు. ఇక్కడ కొంచెం లెక్క చెప్పుకోవాలి. నార్మల్ పరిధి అంటే మామూలుగా ఆరోగ్యవంతుల్లో 95 శాతం మంది ఇమిడే పరిధి. బయట పడ్డ 5 శాతం కూడా ఆరోగ్యవంతులే, పాపం. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేస్తే, ఏ జబ్బూ లేనివాడికి కూడా కనీసం ఒక చుక్క పడే అవకాశం 64 శాతం. ప్యాకేజీ ఎంత పెద్దదైతే చుక్కలు అంత గ్యారంటీ. నాలెక్కన 72కి మూడో నాలుగో ఊరికే రావాలి. మిగతావి నా స్వార్జితం.

డాక్టరుగారు మూడు నిమిషాల్లో తేల్చేశారు. ఫ్యాటీ లివర్ గ్రేడ్ వన్. ఎండకు తారు కరిగే హైదరాబాద్‌లో ఉంటూ విటమిన్ డి తక్కువ. హెచ్‌బీఏ1సీ 6.1, అంటే షుగర్ గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతోంది. అన్నం తగ్గించి నడవమన్నారు, బీపీ వారం రోజులు ఇంట్లో చూసుకోమన్నారు. ఈ సంగతి ఫోన్లో చెబితే మా బావమరిది, "నాది 6.3 బావా" అన్నాడు, ర్యాంకు చెప్పినట్టు.

మా ఆవిడ రిపోర్టు రెండుసార్లు చదివి, ఆరు చుక్కల్లోంచి విటమిన్ డి ఒక్కటి ఏరుకుంది. రోజూ పదకొండింటికి మేడ మీద కూర్చోవాలట. అక్కడ గుమ్మడి వడియాలు ఎండుతున్నాయి. కాకుల్ని తోలడానికి నాకో కర్ర కూడా ఇచ్చింది.