లప్పం గారికి నమస్కరించి వ్రాయునది

మహారాజశ్రీ లప్పం గారికి,

ఇక్కడ నల్లగొండలో మేమంతా క్షేమం. మా 1984 మోడల్ ప్రీమియర్ పద్మిని కారు మాత్రం కాదు.

కారు రేకు మీద సొట్టలూ చిల్లులూ పూడ్చే ముద్ద మీరు; కొన్నప్పుడు రంగు కింద దాక్కుని భలే మెరిశారు. గడియారం సెంటర్‌లో బండి ఆపితే ఇద్దరు సెల్ఫీ దిగారు. "ఒక్క సొట్ట లేదన్నా, ఒరిజినల్ బాడీ" అన్నాడు అమ్మినాయన. నిజమే, సొట్ట పడాలంటే రేకు ఉండాలి కదా!

మొన్న పంక్చరై జాకీ పెట్టాను. బండి లేవలేదు, జాకీయే లోపలికి పోయింది. పైగా డ్రైవర్ వైపు తలుపు బిగుసుకుంది. టింకరింగ్ మేస్త్రి పాత స్పీకర్‌లోని అయస్కాంతం తెచ్చి తలుపు మీద పెట్టాడు. పైన టక్కున అంటుకుంది. జానెడు కిందికి జరిపేసరికి జారి కాళ్ల దగ్గర పడింది. "ఇక్కడి నుంచి రేకు లేదన్నా, ఉత్త లప్పమే" అని ఉలితో తట్టాడు. వేలెడు మందం పెచ్చు ఊడొచ్చింది. దాని వెనక గోనె గుడ్డ, దాని వెనక న్యూస్ పేపర్. 'అందమైన వధువు కావలెను' అన్న ప్రకటన ఇంకా చదవడానికి వీలుగానే ఉంది.

తుప్పు మీద నాకు కోపం లేదు. తలుపు అడుగున నీళ్లు పోయే చిల్లులు మట్టితో పూడుకుపోతే, అద్దం చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ సందులోంచి వాన కార్పెట్ కిందికి దిగితే, దాని పని అది చేసుకుంది. కానీ ఎండాకాలం మనుషులే వరుగులయ్యే ఈ ఊళ్లో, తేమ పీల్చి రేకుకు అంటిపెట్టి తుప్పును పెంచి పోషించింది మీరు. ఈ బండికి అడుగున బరువు మోసే చట్రం, అదే చాసిస్, విడిగా లేదండీ. తలుపుల కింద డబ్బాలా సాగే పట్టీలే దాని నడుము. నడుము విరిగిన మనిషికి పౌడర్ రాసి పెళ్లిచూపులకు కూర్చోబెట్టారు మీరు.

బ్యాటరీ తీశాం, పెట్రోల్ ట్యాంక్ దించాం. తలుపుల కొలత తప్పకుండా లోపల ఇనుప పైపులు అడ్డం వెల్డింగ్ చేశాకే మేస్త్రి కోత మొదలెట్టాడు. అరచేయంత చిల్లు అనుకున్నది గట్టి రేకు తగిలేసరికి మూరెడైంది. "తుప్పు రేకు మీద అతుకేస్తే వెల్డింగ్ నిలవదన్నా." బిల్లు ఎంతో ఇంట్లో చెప్పలేదు. అక్కడ నేనే లప్పం పెడుతున్నాను.

ఇంతా అయ్యాక మేస్త్రి వెల్డింగ్ గీతల మీద చెయ్యి ఆడించి, "పైపైన కొంచెం లప్పం పడ్తదన్నా" అన్నాడు.

కాబట్టి దయచేయండి. పలుచగా దయచేయండి.

ఇట్లు,
జేబులో అయస్కాంతంతో తిరుగుతున్న మీ పాత బాధితుడు