బీపీ, షుగర్‌తో పాటు చెవి కూడా

చూపు మసకబారిందని ఎవరైనా చెబితే నవ్వం, కళ్లజోడు పెట్టించుకోమంటాం. వినికిడి తగ్గితే మాత్రం వెక్కిరింపు ఇంట్లోనే మొదలవుతుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు, చెవిటి మేళం... మన నానుళ్లలోనే ఆ చులకన ఉంది. దానికి భయపడే చాలామంది తమకు సరిగా వినపడడం లేదన్న సంగతి ఏళ్ల తరబడి దాచిపెడతారు. ఆ ఆలస్యానికి చెవి ఒక్కటే కాదు, మనిషి మొత్తం ఆరోగ్యం మూల్యం చెల్లిస్తోంది.

లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని ఉండే కాక్లియాలో పుట్టుకతో శబ్దాన్ని పట్టుకునే రోమకణాలు దాదాపు 15 వేలు ఉంటాయి. చనిపోయినవి మళ్లీ పుట్టవు. వయసు వల్ల గానీ పెద్ద శబ్దాల వల్ల గానీ ముందుగా దెబ్బతినేవి సన్నని, కీచు ధ్వనులను పట్టుకునే కణాలు. మాటలో అచ్చులు బలంగా, లోతుగా పలుకుతాయి కాబట్టి అవి చెవికి చేరుతూనే ఉంటాయి. క, చ, ప, స లాంటి హల్లులు జారిపోతాయి. పాలు, కాలు, చాలు ఒకేలా తోస్తాయి. కాబట్టి ‘వినపడుతోంది గానీ అర్థం కావడం లేదు’ అని పెద్దవాళ్లు అంటే అది సాకు కాదు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఎదురుగా కూర్చుని మాట్లాడితే అందుకోగలిగిన మనిషే, నలుగురి సందడిలో తికమకపడతారు. ‘తనకు కావలసినవైతే బాగానే వినపడతాయి’ అని నిష్ఠూరమాడే కుటుంబాలు ఈ ఒక్క విషయం తెలుసుకుంటే ఎన్ని మనస్పర్థలు తగ్గుతాయో!

జారిపోయిన అక్షరాలను ఊహతో పూరించుకునే పని మెదడు మీద పడుతుంది. రోజంతా అదే పనైతే సాయంత్రానికి అలసట, విసుగు వస్తాయి. అడిగిందే మళ్లీ అడగలేక మనిషి నవ్వి ఊరుకుంటాడు. తర్వాత ఫోన్లు ఎత్తడం మానేస్తాడు, ఆపైన పెళ్లిళ్లకూ పేరంటాలకూ వెళ్లడమే మానేస్తాడు. దిగులు పట్టుకోవడానికి ఇంకేం కావాలి? స్వల్ప వినికిడి లోపం ఉన్నవాళ్లు కూడా తూలి పడిపోయే అవకాశం దాదాపు 3 రెట్లు ఎక్కువని 2012లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం గుర్తించింది. డాక్టర్ చెప్పిన మందుల మోతాదు సరిగా వినపడక తలూపి వచ్చేసేవాళ్ల సంగతి ఏ అధ్యయనానికీ అందదు.

అన్నిటికన్నా ఆలోచించవలసింది మతిమరుపు వ్యాధి డిమెన్షియా గురించి. దాన్ని నివారించే మార్గాలపై వైద్య పత్రిక లాన్సెట్ నిపుణుల కమిషన్ 2024లో ఇచ్చిన నివేదిక, మార్చుకోగలిగిన 14 ముప్పు కారణాల్లో వినికిడి లోపాన్ని ముందు వరసలో పెట్టింది. అయితే వినికిడి యంత్రం పెట్టుకుంటే మతిమరుపు రాదని చెప్పడం తొందరపాటే అవుతుంది. 70 నుంచి 84 ఏళ్ల వయసున్న 977 మందిలో వినికిడి యంత్రాలు ఇచ్చినవాళ్లనూ ఇవ్వనివాళ్లనూ పోల్చి చూసిన ఎచీవ్ అనే పరిశోధన ఫలితాలు 2023లో వచ్చాయి. అందరినీ కలిపి చూస్తే మూడేళ్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు. మతిమరుపు ముప్పు ఎక్కువగా ఉన్న వర్గంలో మాత్రం యంత్రాలు పెట్టుకున్నవాళ్లకు జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి తగ్గే వేగం 48 శాతం మందగించింది. హామీ ఇవ్వడానికి ఇది చాలదు, నిర్లక్ష్యాన్ని సమర్థించుకోవడానికి అసలే పనికిరాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక ప్రకారం 150 కోట్ల మందికి పైగా ఏదో ఒక స్థాయిలో వినికిడి లోపంతో బతుకుతున్నారు. వినికిడి యంత్రం అవసరమైనవాళ్లలో దాన్ని వాడుతున్నది 17 శాతమే. ఇయర్‌ఫోన్ల తరం వినికిడి లోపం ఉన్నవాళ్ల లెక్కను ఇంకా పెంచబోతోంది. 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటల దాకా వినవచ్చు, 90కి పెంచితే 4 గంటలే. పది డెసిబెల్స్ తేడాకు గంటలు పదో వంతుకు పడిపోతాయని ఎంతమంది పిల్లలకు చెప్పాం?

ఇంకో సంగతి ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలి. ఉన్నట్టుండి ఒక చెవి వినపడడం మానేస్తే గులిమి అడ్డుపడిందిలే అని వారాలు గడపకూడదు, ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. స్టెరాయిడ్ చికిత్స మొదటి రోజుల్లో మొదలైతేనే వినికిడి తిరిగి వచ్చే అవకాశాలు మెరుగు.

50 ఏళ్లు దాటినవాళ్లకు బీపీ, షుగర్ చూసే చోటే వినికిడి పరీక్షా జరగాలని మేము గట్టిగా కోరుతున్నాం. ఈ పరీక్షలో సూది లేదు, నొప్పి లేదు, పట్టేది కొద్ది నిమిషాలే. ప్రభుత్వాలు యంత్రాలు పంచి చేతులు దులుపుకోవడం కూడా సరికాదు. కళ్లజోడులా పెట్టుకున్న మరుక్షణమే సర్దుకుపోయే వస్తువు కాదది. ఏళ్లుగా మరచిపోయిన శబ్దాలకు మెదడు మళ్లీ అలవాటు పడడానికి వారాలు పడుతుంది. ఈలోగా రెండు మూడు సార్లైనా సెట్టింగ్ సరిచేయాలి. ఆ పని చేసే ఆడియాలజిస్టు అందుబాటులో లేకపోతే, ఇచ్చిన యంత్రం సొరుగులోకే వెళుతుంది. యంత్రాలకు కేటాయించే నిధుల్లోనే ఈ నిపుణుల నియామకానికీ వాటా ఉండాలి.